కాటా ఆగిపోయిన సంగతి ఆయనకి ఎలా చెప్పను?

ఈ వారం ఉత్తరం బెంగళూరు విద్యారణ్యపుర నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 49. పుట్టిల్లు మదనపల్లె, పెళ్లయి ఈ ఊరొచ్చి 26 ఏళ్లు. భర్త పీణ్య పారిశ్రామికవాడలో టూల్ రూమ్‌లో (ఫ్యాక్టరీకి కావలసిన అచ్చులు, పనిముట్లు తయారుచేసే చోట) పనిచేసి రిటైర్ అయ్యారు. చిన్నప్పటి నుంచీ ఆయనకి విమానాల పిచ్చి. జక్కూరు ఎయిర్‌ఫీల్డ్ గోడ పక్కన నిలబడి గంటలు గంటలు చూసేవారట. రిటైర్ అయ్యాక కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లని ఖాళీ చేయించి అక్కడ వర్క్‌షాప్ పెట్టారు. విదేశాల నుంచి ప్లాన్లు తెప్పించుకుని, ఫోమ్, గ్లాస్ క్లాత్ (గాజు పోగుల గుడ్డ), ఎపాక్సీ (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు)లతో రెండు సీట్ల చిన్న విమానం కడుతున్నారు. బాడీ పూర్తయింది. ఒక రెక్క అయింది, రెండోది మొదలుపెట్టాలి. ఇప్పటికి 14 లక్షలు ఖర్చయింది. నెలకి 18 వేల అద్దె పోయింది.

ఆమె దీన్ని వ్యతిరేకించలేదు. మొదటి రోజు నుంచీ ఆయనతో కలిసే పనిచేస్తోంది. రెసిన్, హార్డెనర్ తూచి కలపడం, పుస్తకంలో తేదీ, బరువులు రాయడం, అడుగున ఎపాక్సీ మిగిలిన కప్పుల మీద తేదీ వేసి దాచడం ఆవిడ పని. "పిల్లలు వెళ్లిపోయాక మా ఇద్దరికీ ఇన్ని మాటలు మళ్లీ ఈ విమానం వల్లే వచ్చాయమ్మా" అని రాసింది.

పోయిన ఆగస్టులో రెక్క లోపలి స్పార్ (రెక్క బరువు మోసే దూలం) పొరలు వేస్తున్న సాయంత్రం పెద్ద వాన. కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు వెలుతురులో 200 గ్రాముల రెసిన్ పోసి, 80 గ్రాముల హార్డెనర్ పోస్తూ ఉండగా ఇంటికొచ్చి ఉన్న కూతురు పైనుంచి పిలిచింది. ఆవిడ వెళ్లి వచ్చేసరికి వంటింటి కాటా తనంతట తనే ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే సున్నా చూపించింది. అప్పటికి హార్డెనర్ ఎంత పోసిందో గుర్తు లేదు. లోపలి నుంచి ఆయన "తొందరగా, ఇక్కడ క్లాత్ ఆరిపోతోంది" అని కేకేశారు. ఆవిడ అందాజాగా ఇంకొంచెం పోసి, కలిపి ఇచ్చేసింది. పుస్తకంలో మాత్రం 200, 80 అని రాసింది. ఆ కప్పు స్పార్‌లో వాడిన ఏడు కప్పుల్లో ఒకటి. దాని మీద ఇప్పుడు రెక్క పైపొర కూడా పడిపోయింది.

పది నెలలుగా ఎవరికీ చెప్పలేదు. దసరాకి ఆ రెక్క మీద ఇసుక మూటలు పెట్టి బరువు పరీక్ష చేస్తానంటున్నారు ఆయన. ఈలోగా ఆవిడకి వేళ్ల సందుల్లో దద్దుర్లు, కనురెప్పల వాపు మొదలయ్యాయి. డాక్టరు ఎపాక్సీ ఎలర్జీ అన్నారు. ఆ సంగతీ ఆయనకి పూర్తిగా చెప్పలేదు, "ఏదో సబ్బు పడలేదు" అంది. కూతురి పెళ్లికని దాచిన ఫిక్సెడ్ డిపాజిట్ ఇంజిన్ కోసం తీద్దామని ఆయన అంటున్నారు. "ఒక్కోసారి ఈ తప్పు బయటపెడితే విమానం ఆగిపోతుంది, డబ్బు మిగులుతుంది అనిపిస్తుంది. మరుక్షణం అలా అనుకున్నందుకు ఏడుపొస్తుంది. చెప్పాలా, ఊరుకోవాలా, పరీక్ష దాకా ఆగాలా?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను ఈ ఊళ్లోనే కాంపోజిట్ షాపులో (ఇలా గ్లాసు, రెసిన్ కలిపి భాగాలు చేసే చోట) చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి ముందు మీ కప్పు గురించే మాట్లాడతాను. మీ మనసులో ఉన్న భయానికి సరైన కొలత కావాలి. అది తెలియకుండా మిగతావేవీ తేల్చుకోలేరు.

పాలిస్టర్ రెసిన్‌తో నీళ్ల ట్యాంకులు, బస్సు బాడీలు చేసేవాళ్లు గట్టిపడే మందు కొంచెం ఎక్కువ వేస్తే తొందరగా, తక్కువ వేస్తే ఆలస్యంగా గట్టిపడుతుందని అనుకుంటారు. వాళ్ల సరుకులో చాలావరకు అది నిజమే. ఎపాక్సీ అలా కాదు. అందులో హార్డెనర్ మందు కాదు, రెసిన్‌తో కలిసి తనూ గట్టి పదార్థంగా మారే సగభాగస్వామి. పాళ్లు తప్పితే ఏదో ఒకటి మిగిలిపోతుంది. ఆ మిగిలింది రేపు గట్టిపడదు, వచ్చే ఏడాదీ గట్టిపడదు. ఒకటి రెండు శాతం తేడాని ఎపాక్సీ భరిస్తుంది. మీ లెక్కలో 80కి బదులు 70 పడితే 12 శాతం పైన తేడా. విమానం స్పార్‌లో అంత తేడాకి నేను ఒప్పుకోను. కానీ మీరు పోసింది 79 కూడా అయి ఉండొచ్చు. ప్రస్తుతం మీకు తెలియదు, నాకూ తెలియదు. తెలుసుకునే దారి మాత్రం ఉంది.

కప్పు గోటితో నొక్కి చూశానని, గట్టిగానే ఉందని రాశారు. దాన్ని నమ్ముకోకండి. పాళ్లు తప్పిన ఎపాక్సీ కూడా చల్లటి గదిలో రాయిలా అనిపించవచ్చు. తేడా వేడిలో బయటపడుతుంది. ప్రతి ఎపాక్సీకీ అది గట్టిదనం కోల్పోయి మెత్తబడే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. పాళ్లు తప్పితే అది కిందికి జారుతుంది. ఇలాంటి విమానాలకి దాదాపు అన్నిటికీ తెల్ల రంగే ఎందుకు వేస్తారో మీ వారిని అడగండి, ఆయనకి తెలిసే ఉంటుంది. ముదురు రంగు వేస్తే ఎండలో రెక్క ఎపాక్సీ తట్టుకోలేనంత వేడెక్కుతుంది.

అందుకే దసరా పరీక్ష మీద కూడా పూర్తి భారం వేయకండి. కింది పోర్షన్ నీడలో, చల్లగా ఉన్న రెక్క మీద ఇసుక మూటలు పేరిస్తే, ఆ ఒక్క కప్పు బలహీనంగా ఉన్నా రెక్క మోసేయవచ్చు. అదే రెక్క ఏప్రిల్ మధ్యాహ్నం రన్‌వే పక్కన మూడు గంటలు ఎండలో నిలబడి, తర్వాత గాలిలో కుదుపు తగిలినప్పుడు అలాగే మోస్తుందని ఆ పరీక్ష చెప్పదు. మీరు నోరు విప్పకపోతే మీ వారు పరీక్ష చల్లటి రెక్క మీదే చేస్తారు. వేడి చేసి చేయాలని ఆయనకి తోచడానికి కారణమే ఉండదు కదా.

ఇక తెలుసుకునే దారి. డీఎస్‌సీ అని ఒక పరీక్ష ఉంది. కొన్ని మిల్లీగ్రాముల ముక్క చాలు. దాన్ని మెల్లగా వేడి చేస్తూ ఏ ఉష్ణోగ్రత దగ్గర మెత్తబడుతోందో చూస్తారు. బెంగళూరులో మెటీరియల్స్ టెస్టింగ్ ల్యాబులు ఇది చేస్తాయి. ఆ సాయంత్రం కప్పుతో పాటు సరిగ్గా తూచిన రోజుల కప్పులు రెండు ఇవ్వండి, ఏది ఏదో ల్యాబుకి చెప్పకండి. మూడూ ఒకేలా వస్తే చాలా ఊరట. ఒకటి మాత్రం కిందికి ఉంటే జవాబు వచ్చినట్టే. ఇక్కడ ఒక మెలిక ఉంది. కప్పులో ముద్దగా మిగిలిన ఎపాక్సీలో బాగా వేడి పుడుతుంది, రెక్క మీద పరిచినదానిలో అంత పుట్టదు. కాబట్టి కప్పు రెక్క కన్నా మెరుగ్గా కనిపించవచ్చు. దాని కన్నా మంచి నమూనా స్పార్ చివర, బాడీ వైపు, పొరలు గట్టిపడ్డాక కోసేసిన ముక్క. ఏడు కప్పులు ఎక్కడెక్కడ పడ్డాయన్న దాన్ని బట్టి మీ కప్పు పొర కూడా అందులో ఉండే వీలుంది. మీ వారు టూల్ రూమ్ మనిషి, ఇలాంటి ముక్కలు పారేసి ఉండరు. కాల్చి చూసే పరీక్ష చేద్దామని ఎవరైనా అంటే, అది గ్లాసు ఎంత, రెసిన్ ఎంత అన్నది చెబుతుందే తప్ప హార్డెనర్ పాళ్లు చెప్పదు. వేడి గదిలో పెట్టి మళ్లీ గట్టిపరిస్తే సరిపోతుంది అన్న సలహా కూడా వస్తుంది. చలికి సరిగ్గా గట్టిపడని ఎపాక్సీకి అది పనిచేస్తుంది. పాళ్లు తప్పినదానికి పనిచేయదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఊరుకోవడం ఒకటి. దీని గురించి ఎక్కువ రాయను, మీ మనసు దీన్ని పది నెలలుగా ఒప్పుకోవడం లేదు. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ఈ తరహా ఇంటి విమానాలకి, ఫోమ్‌ని వేడి తీగతో కోసి దాని మీద గ్లాసు పరిచే పద్ధతికి, దారి చూపింది అమెరికాలో బర్ట్ రుటాన్ అనే విమాన డిజైనర్. ఆయన డిజైన్ చేసిన విమానాల్లో వేరీఈజీ 1975లో, లాంగ్-ఈజీ 1979లో మొదటిసారి ఎగిరాయి. వాటి ప్లాన్లతో ఎంతోమంది ఇళ్లలో విమానాలు కట్టుకున్నారు. 1997లో గాయకుడు జాన్ డెన్వర్ అలాంటి లాంగ్-ఈజీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని, దాన్ని నడుపుతూ కాలిఫోర్నియా తీరంలో సముద్రంలో కూలి చనిపోయారు. దాన్ని కట్టిన వ్యక్తి ఇంధనం ట్యాంకు మార్చే వాల్వును ప్లాన్‌లో ఉన్న చోట కాకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. అందుకోవాలంటే వెనక్కి తిరగాలి. తిరిగినప్పుడు కాలు రడ్డర్ (విమానాన్ని పక్కకి తిప్పే చుక్కాని) పెడల్ మీద పడి ఉంటుందని దర్యాప్తులో తేలింది. అది దాచిన మార్పు కాదు, మీది దానితో పోల్చదగ్గ తప్పూ కాదు. నేను చెప్పదలచింది వేరే. కట్టినవాళ్లు ఒకరు, చివరికి అందులో కూర్చున్నవాళ్లు ఇంకొకరు. మీ విమానంలో రేపు మీ అబ్బాయి కూర్చోవచ్చు. పదేళ్ల తర్వాత ముక్కూ మొహం తెలియనివాళ్లు కొనుక్కోవచ్చు. ఆ కప్పు సంగతి వాళ్లకి చెప్పడానికి అప్పుడు ఎవరూ ఉండకపోవచ్చు.

రెండోది, ఆయనకి చెప్పకుండా ముందు కప్పు పరీక్ష చేయించుకోవడం. ఇది మీకు నచ్చుతుందని నాకు తెలుసు. బాగా వస్తే ఎప్పటికీ చెప్పక్కర్లేదనే ఆశ కదా. కాదనను, చేయవచ్చు. కానీ బాగా రాకపోతే అప్పుడు మీరు రెండు సంగతులు చెప్పాల్సి వస్తుంది, పది నెలలు దాచినదీ, ల్యాబుకి దొంగచాటుగా వెళ్లినదీ. రెండోదే ఆయన్ని ఎక్కువ నొప్పిస్తుంది. పైగా కోసిన స్పార్ ముక్క ఆయన దగ్గరుంది, మీ దగ్గర లేదు. ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ప్లాన్ చూసి చెప్పగలిగిందీ ఆయనే. మీరు ఒక్కరే వెళ్తే సగం పరీక్షే అవుతుంది.

మూడోది, ఇప్పుడే చెప్పడం. ఆయనకి కోపం వస్తుంది. నాలుగు రోజులు కిందికి దిగరు, మీతో మాట్లాడరు. బహుశా ఆ రెక్క పోతుంది. పైపొర కింద, ఫోమ్ గాడిలో కూర్చున్న స్పార్‌ని తవ్వి ఒక్క కప్పు పొర తీసి మళ్లీ వేయడం నేను ఎవరికీ సలహా ఇవ్వను. పరీక్ష బాగా రాకపోతే రెక్క కొత్తగా కట్టుకోవడమే. ఇంకా రెండో రెక్క మొదలుపెట్టలేదు కాబట్టి ఇప్పుడైతే నష్టం కొన్ని నెలల పని, ఫోమ్, గ్లాసు, రెసిన్ ఖర్చు. విమానం జోడించి, ఇంజిన్ పెట్టాక చెబితే ఎంత అవుతుందో మీరే లెక్కేసుకోండి.

మా షాపులో ఒక అమ్మాయి ఉండేది, మీ కూతురి వయసు. ఒకసారి తప్పుడు డబ్బాలో హార్డెనర్ వాడింది. పెద్ద భాగం అది, నెల రోజుల పని. మర్నాడు పొద్దున్నే వచ్చి సూపర్‌వైజర్ ముందు నిలబడి చెప్పేసింది. ఆయన ముందు అడిగిన మాట, "ఏ ఏ పొరల్లో పడింది?" అని. తిట్టడం తర్వాత ఎప్పుడో జరిగింది, అదీ డబ్బాలకి ఒకే రంగు మూతలు పెట్టిన స్టోర్ వాళ్లని. ఆ అమ్మాయికి మాత్రం ఆ తర్వాత కష్టమైన పనులన్నీ అప్పజెప్పారు. ఆమె తూచిందంటే ఎవరూ మళ్లీ తూచేవారు కాదు.

మీ వారు టూల్ రూమ్‌లో బతికినవారు. అక్కడ మైక్రాన్ల లెక్కల్లో ఆయన చేతుల మీదుగా ఎన్ని జాబులు చెడిపోయి ఉంటాయో మీకు చెప్పి ఉండరు. అందుకని "నేను పాపం చేశాను" అని ఏడుస్తూ చెప్పకండి. అలా చెబితే ఆయన మిమ్మల్ని ఓదార్చడంలో పడి అసలు విషయం వినరు. పుస్తకం తీసి ఆ పేజీ చూపించండి. కాటా ఆగింది, ఎంత పోశానో తెలియదు, పుస్తకంలో రాసింది నిజం కాదు, ఈ కప్పు అప్పటిది అని ఆ వరసలో చెప్పండి. పుస్తకంలో పాత అంకె చెరిపేయకండి, ఇంకు పూయకండి. ఒక్క గీత కొట్టి, పక్కన జరిగింది రాసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టండి. విమానం పని పుస్తకాల్లో దిద్దుబాటు అలాగే చేస్తారు. ఈ విమానం ఎగరాలంటే రేపు విమానాలకి అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ముందుకి వెళ్లాలి, అప్పుడు ఎలా కట్టారన్న దానికి సాక్ష్యం మీ పుస్తకమే.

కాటా సంగతి కూడా ఆయనతో మాట్లాడండి. నిమిషం ముట్టుకోకపోతే ఆగిపోయే వంటింటి కాటా ఈ పనికి పనికిరాదు. అది మీ ఒక్కరి తప్పు కాదు, ఇద్దరూ ఆలోచించాల్సింది. రుటాన్ ప్లాన్లతో కట్టినవాళ్లు చెక్కతో ఒక త్రాసు చేసుకునేవారు. దాని రెండు చేతుల పొడవుల్లోనే పాళ్లు ఉంటాయి, ఒకవైపు రెసిన్, ఇంకోవైపు హార్డెనర్ పోస్తే పాళ్లు కుదిరినప్పుడే తూగుతుంది. కరెంటు లేకపోయినా, కూతురు పిలిచినా అది మరిచిపోదు. మీ వారి చేతికి అదొక సాయంత్రం పని.

ఇప్పుడు దద్దుర్లు. ఇందులో మీకు దారులు చూపించలేను, ఒక్కటే ఉంది. మీరు ఎపాక్సీ పని మానేయాలి, ఈ రోజు నుంచే. ఈ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, రానురానూ ఇంకాస్త తక్కువ మోతాదుకే తిరగబెట్టవచ్చు. కనురెప్పలు వాస్తున్నాయంటే చేతికి అంటకపోయినా గాలిలోని హార్డెనర్ ఆవిరి, రుద్దినప్పుడు లేచే దుమ్ము కూడా మీకు పడకపోతూ ఉండవచ్చు. గ్లవ్స్ వేసుకుని కొనసాగిస్తాననకండి. చేతికి అంటిన రెసిన్‌ని ఎసిటోన్‌తో తుడిచే అలవాటు ఉంటే మీ వారూ మానుకోవాలి, అది రెసిన్‌ని చర్మంలోకి ఇంకా లోతుకి పంపుతుంది. సబ్బు, నీళ్లు చాలు. ఆయన వర్క్‌షాప్ బట్టలు మీ బట్టలతో కలిపి ఉతకకండి. చర్మ డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్ట్ (చర్మానికి ఏది పడదో తేల్చే పరీక్ష) చేయించుకుని ఆ కాగితం ఆయనకి చూపించండి. సబ్బు అని చెప్పిన అబద్ధం కూడా ఆ రోజే తీసేయండి.

డబ్బు గురించి మీరు రాసిన వాక్యానికి మీరు సిగ్గుపడనక్కర్లేదు. అలసిపోయిన మనిషికి అలా అనిపిస్తుంది. కానీ దయచేసి ఈ రెండింటినీ కలపకండి. స్పార్ తప్పుని విమానం ఆపడానికి వాడుకుంటే ఆయనకి ఎప్పటికీ అనుమానం ఉండిపోతుంది, నిజంగా కాటా ఆగిందా లేక నా విమానం ఆపడానికి అందా అని. ఫిక్సెడ్ డిపాజిట్ మాట వేరే రోజు, వేరే గదిలో మాట్లాడండి. అమ్మాయి పెళ్లి డబ్బు ముట్టుకోవద్దు అని మీరు నేరుగా అనవచ్చు, అందుకు తప్పు ఒప్పుకోలు సాయం అక్కర్లేదు. ఇంజిన్‌కి తొందర కూడా లేదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి మేడ మీద విమానం కట్టి 2016లో ప్రదర్శనలో పెట్టారు. దానికి రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి అనుమతి 2019లో వచ్చింది. మీ వారికి ఇంకా పైలట్ లైసెన్స్ లేదని రాశారు. ప్రైవేట్ లైసెన్స్‌కి కనీసం 40 గంటలు ఎగరాలి, మెడికల్ పాసవ్వాలి. ఇంజిన్ కన్నా ముందు ఆ మెడికల్ చేయించుకోమనండి. అది తేలితే మిగతా డబ్బు ఎప్పుడు, ఎంత అన్నది కూర్చుని మాట్లాడుకోవచ్చు. తేలకపోతే ఆయన ఈ విమానాన్ని ఇంకొకరు నడపడానికి కడుతున్నారా అన్నది ఆయనే చెప్పాలి. కొంతమందికి కట్టడమే ఇష్టం, అందులో లోటేమీ లేదు, ఖర్చు లెక్క మాత్రం మారుతుంది.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం ఒకటుంది, పిల్లలు వెళ్లాక మాటలు మళ్లీ వచ్చాయన్నది. మీరు దాచింది తిట్లకి భయపడి కాదని నాకు అనిపిస్తోంది. ఆ సాయంత్రాలు పోతాయని భయపడ్డారు. ఎపాక్సీ మానేస్తే కిందికి వెళ్లడానికి మీకు పని ఉండదని కూడా అనుకుంటూ ఉంటారు. ఉంది. రెక్క ఫోమ్‌ని వేడి తీగతో కోయడం ఒక్కరి వల్ల కాదు. ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు తీగ పట్టుకుని, రెక్క ఆకారంలో కోసిన పలక (టెంప్లేట్) మీద గీసిన అంకెలు పైకి చదువుతూ ఇద్దరూ ఒకే వేగంతో కదలాలి. ఒకరు ముందుపోతే రెక్క వంకరపోతుంది. అందులో ఎపాక్సీ ఉండదు. రెండు షరతులు: ఆ వారం గదిలో తడి ఎపాక్సీ ఏదీ ఆరుతూ ఉండకూడదు, దుమ్ము తుడిచి కిటికీలు తెరవాలి. కోసేది రెక్కల పాలిస్టైరిన్ ఫోమ్ మాత్రమే అయి ఉండాలి. యూరథేన్ ఫోమ్‌ని వేడి తీగతో ఎప్పుడూ కోయకూడదు, విషపు పొగ వస్తుంది. రెండో రెక్కకి ఎలాగూ ఈ పని ఉంది. మొదటిది మళ్లీ కట్టాల్సి వస్తే దానికీ ఉంటుంది.

ఆయనకి చెప్పే రోజు ఆదివారం పొద్దున పెట్టుకోండి, వాన లేని రోజు, ఆయన టిఫిన్ తిని కిందికి దిగకముందు. అంతవరకు కప్పుల అట్టపెట్టె ఎవరూ సర్దకుండా చూసుకోండి. ఆ ఆగస్టు తేదీ ఉన్న కప్పు తీసి, మూత ఉన్న డబ్బాలో విడిగా పెట్టండి. కప్పు ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి.